మావయ్యగారి మోకాళ్లకి పామాయిల్ మందు

మా మావయ్యగారు రిటైరైన లెక్కల మాస్టారు. నరసాపురంలో మా ఇంటి మెట్లెక్కాలంటే గోడ పట్టుకుని, మెట్టుకోసారి "ప్రభువా" అనేవారు. బోరాన్ తింటే కీళ్లనొప్పులు పోతాయని ఫోన్‌లో ఎవరో చెప్పిన వీడియో ఒకటి ఆయన కంటబడింది. వెంటనే తమ్ముడికి పంపారు.

చినమావయ్యగారికి జంగారెడ్డిగూడెం దగ్గర పామాయిల్ తోట ఉంది. ఆయన ఫోన్ చేసి, "మా చెట్లకి ఆకులు ముడుచుకుపోతే వేసేది అదే అన్నయ్యా! కొత్తాకు ఎంత నిటారుగా వస్తుందనుకున్నావ్! నీ మోకాలెంత?" అన్నారు.

ఆదివారం అత్తయ్యగారు ఇంట్లో లేనప్పుడు బోరాన్ కోసం తోటకి వేసే బోరాక్స్ పొడి తెచ్చి ఇచ్చి వెళ్లారు, ఖాళీ పూతరేకుల డబ్బాలో పోసి. రోజూ మజ్జిగలో ఒక చెంచా అని మోతాదు కూడా ఆయనే చెప్పారు. ముందు డాక్టరుగారిని అడుగుదామని పట్టుబట్టి, మర్నాడు మావయ్యగారిని ఆటోలో తీసుకెళ్లాను.

డాక్టరుగారు అంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మాస్టారూ, మీరు పామాయిల్ చెట్టు కాదండీ. షాపులో అమ్మే బోరాన్ మాత్రలో ఉండేదే కొద్ది మిల్లీగ్రాములు. అదైనా మోకాళ్లకి పనిచేస్తుందని గట్టిగా చెప్పలేం. ఈ పొడి చెంచాడు మింగితే దానికి వందరెట్ల పైమాటే. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. వేరుశనగలు, ఎండుద్రాక్ష తినండి, అందులో ఉన్నది చాలు."

"మరి చెట్టుకి పడిందిగా అండీ?" అన్నారు మావయ్యగారు, చిన్నబుచ్చుకుని.

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో పాస్టరుగారు ఉన్నారు. ఎదురుగా కాఫీ గ్లాసు పెట్టుకుని, కళ్లు మూసుకుని, మావయ్యగారి మోకాళ్ల కోసమే ప్రార్థన చేస్తున్నారు. పక్కనే అత్తయ్యగారు కూడా కళ్లు మూసుకుని కూర్చున్నారు. మావయ్యగారు ఇంకా మెట్ల దగ్గరే ఉన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి చూస్తే, పూతరేకుల డబ్బా కడిగి బోర్లించి ఉంది.

గబగబా వచ్చి, "అత్తయ్యగారూ, ఆ డబ్బాలో పొడి ఏదండీ?" అన్నాను.

ఆవిడ కళ్లు తెరవకుండానే, "పంచదార పొడేగా? పంచదారలో కలిపేశాను. కాఫీలోకి పనికొచ్చింది," అన్నారు.

మెట్ల దగ్గరున్న మావయ్యగారికి ఆ మాట వినబడింది. గోడ వదిలేసి ఒక్క పరుగున లోపలికొచ్చి, పాస్టరుగారు "ఆమెన్" అని ఎత్తిన గ్లాసు లాగేసుకున్నారు.

పాస్టరుగారు కళ్లు తెరిచారు. ఎవరి కోసం ప్రార్థించారో ఆయనే ఎదురుగా, ఏ ఆసరా లేకుండా నిలబడి ఉన్నారు.

"దేవునికి స్తోత్రం!" అన్నారు.

"అది ఎరువండీ!" అన్నారు మావయ్యగారు రొప్పుతూ. పాస్టరుగారు వింటే కదా.

మరుసటి ఆదివారం పాస్టరుగారు చర్చిలో దీన్ని సాక్ష్యంగా చెప్పారు. ఆ తర్వాత పాటకి అందరం లేచి నిలబడ్డాం. మావయ్యగారు మాత్రం కుర్చీలోనే ఉండిపోయారు. ఆ పరుగుకి రెండు మోకాళ్లూ వాచిపోయాయి.