అమావాస్య నాటి వంతు

వేళ్ళ వేగంతో గెలిచే వ్యూహాల ఆటలు నాకు నచ్చవు. సైన్యాన్ని ఎటు నడపాలో ఆలోచించేలోపే అవతలివాడు పది చోట్ల నొక్కి కోట పడగొట్టేస్తాడు. అందులో బుర్రకు పనేముంది? డబ్బు కడితే కోట తొందరగా లేస్తుందని ఊరించే ఆటలనైతే ఫోన్‌లో ఒక్క పూట కూడా ఉంచను. నాకు కావలసింది వంతుల ఆట. నీ ఎత్తు నువ్వు వేశాక అవతలివాడు తనది వేసేదాకా ఆగాలి. ఆగడం చేతకానివాడు వ్యూహం గురించి మాట్లాడకూడదని నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ చదివే రోజుల నుంచీ, వినేవాళ్ళున్నా లేకున్నా, చెబుతూనే ఉన్నాను.

దానికి తోకగా ఇంకో అభిప్రాయం ఉండేది. నియమం అంటే నియమమే. వంతు తప్పితే పోయినట్టే, అక్కడ జాలి చూపిస్తే ఇక ఆటెందుకు?

మా అన్నకు ఆ ఆట నేర్పింది నేనే. నాన్న పోయాక ఉప్పునుంతల దగ్గరున్న మా పొలాన్ని ఇద్దరం పంచుకున్నాం. పక్కపక్క చేలే అయినా ఎవరి పని వాళ్ళది కాబట్టి, తీరిక దొరికినప్పుడు ఫోన్‌లో ఒక్కో ఎత్తు వేసుకునేవాళ్ళం. ఆయన ఆడే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. శత్రువు సరిహద్దులో వచ్చి నిలబడితే ఈయన ధాన్యపు కొట్లు కట్టిస్తూ కూర్చునేవాడు.

"నువ్వు రాజువా, సర్పంచువా?" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"తిండి లేనోడు ఏం కొట్లాడ్తడురా. జర ఆగు," అనేవాడు. విసుగేమిటంటే, అలా ఆడి కూడా అప్పుడప్పుడు గెలిచేవాడు.

పొలమైతే పంచుకున్నాం గానీ బోరు ఒక్కటే. ఒక రోజు ఆయన వంతు, ఒక రోజు నాది. ఆ యాసంగిలో ఇద్దరం వేరుశనగే వేశాం. నీళ్ళు తగ్గి, రోజంతా మోటరు ఆడితే నాలుగైదు మడులు తడిసేవి. వంతు తప్పితే ఆ మడుల గతి అంతే. మా వైపు అమావాస్య నాడు ఎడ్లను కట్టరు. నాన్న ఆ రోజు మోటరు కూడా వేసేవాడు కాదు. ఆయన ఒక్కడే రైతు కాబట్టి ఆ రోజు ఎవరి వంతు అన్న ప్రశ్నే ఎప్పుడూ రాలేదు.

ఆ నెల అమావాస్య అన్న వంతు మీద పడింది. మోటరు ఆగింది. మర్నాడు తెల్లవారగానే నేను వెళ్ళి స్టార్టర్ నొక్కి, నీళ్ళు నా చేను వైపు తిప్పుకున్నాను. కాసేపటికి అన్న భుజాన పారతో వచ్చాడు.

"ఇయ్యాల నాది గదరా?"

"నీది నిన్న. అమావాస్యల పోయింది. రూల్ అంటే రూలే అన్నా."

ఆయన భుజాన పార దించకుండానే వెనక్కి తిరిగాడు. నాకైతే మంచి ఎత్తు వేసినట్టే అనిపించింది.

మధ్యాహ్నం గట్టు దాటి ఆయన చేలో నుంచి వస్తూ చూశాను. నాలుగు మడుల్లో ఆకులు ముడుచుకున్నాయి. వేరుశనగ ఊడ నేలలోకి దిగితేనే కాయ అవుతుంది. అక్కడ నేల గట్టిపడి, ఊడలు దిగలేక పైపైనే వేలాడుతున్నాయి. సిగ్గేసింది. అయినా మోటరు ఆపలేదు. అదీ నా బుద్ధి.

మర్నాడు తన వంతుకు ఆయన వచ్చి నీళ్ళు పెట్టుకుని వెళ్ళాడు. నాతో మాట లేదు, ఫోన్‌లో ఎత్తు లేదు. పెళ్ళి పందిట్లో కూర్చుని కూడా ఎత్తు వేసే మనిషి ఆయన. మూడో రోజు పొద్దున ఫోన్ తెరిస్తే, ఎదుటి ఆటగాడి గడువు ముగిసింది, గెలుపు తీసుకుంటారా అని అడుగుతోంది. నాకు భయమేసింది. ఒక్క బోరు మీద రెండిళ్ళు బతకాలి. ఇవాళ మా మధ్య మాట ఆగిపోతే రేపు పిల్లల మధ్య కూడా ఆగిపోతుంది.

ఏదీ నొక్కకుండా ఫోన్ ఇంట్లోనే పెట్టి చేనుకు పోయాను. ఆ రోజు వంతు నాది. మోటరు వేసి గేటువాల్ అన్న వైపు తిప్పాను. కాలువలో నీళ్ళ చప్పుడు విని ఆయన వచ్చాడు.

"ఇయ్యాల నీ వంతు గదరా."

"మొన్నటిది నీదన్నా. తప్పు చేసిన."

ఆయన వంగి, గేటువాల్‌ను నడిమికి తెచ్చాడు.

"నీ చేన్ల గూడ ఊడలు దిగుతున్నయి. సగం సగం పోనీ."

రెండు వైపులా నీళ్ళు సన్నగా పారసాగాయి. ఆయన పారతో మడి తెంచుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు:

"వచ్చే అమావాస్య నీ వంతు మీద పడ్తది. లెక్క చూసిన. గా తెల్లారి నీళ్ళు నువ్వే పెట్టుకో. నేను రాను."

నాలుగు ఎత్తులు ముందుకు ఆలోచిస్తానని చెప్పుకు తిరిగే నేను మర్నాటి తెల్లవారుజామును దాటి చూడలేదు. ఆ లెక్క ఎప్పుడు చూశావని అడిగాను.

"మొన్ననే," అన్నాడు. "నువ్వు రూల్ చెప్పినంక, ఇంటికి పోతపోత."