వేటగాళ్ళ బ్యాగు

చైతన్యపురి స్టేషన్లో మెట్రో తలుపులు మూసుకున్నాక, ఆ అద్దంలో ఒక ఆడమనిషి కనిపించింది. కుడి భుజం కిందికి జారి, మెడ ఎడమకి వాలి, నడుము ఒక పక్కకి తోసుకుపోయి ఉంది. వృత్తి అలవాటు కొద్దీ, ఈవిడకి మెడనొప్పి మొదలై ఆరు నెలలైనా అయ్యుంటుంది అనుకున్నాను. అది నేనేనని తెలియడానికి కొంచెం సమయం పట్టింది.

నేను ఇళ్ళకి వెళ్ళి ఫిజియోథెరపీ చేస్తాను. పక్షవాతం వచ్చినవాళ్ళు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు నా పేషెంట్లు. కరెంటుతో నొప్పి తగ్గించే మిషను, అల్ట్రాసౌండ్ పెట్టె, కాళ్ళకి కట్టే ఇసుక బరువులు, సాగే పట్టీలు, వేడి కాపడం సంచులు అన్నీ వెంట తీసుకెళ్ళాలి. ఎనిమిదో తరగతి పిల్లవాడి పుస్తకాల సంచికి రెండింతలు బరువుంటుంది మొత్తం.

పదకొండేళ్ళపాటు ఆ బరువు నేనూ నా స్నేహితురాలూ పంచుకున్నాం. ఆమె నాతో కలిసి చదువుకుంది. ఇద్దరం ఒకే గది కిరాయికి తీసుకుని, ఒకే స్కూటరు మీద తిరిగాం. ఆమె నడిపేది. నేను వెనక కూర్చుని మిషను ఒళ్ళో పెట్టుకునేదాన్ని. మెట్ల దగ్గర మిషను ఆమె, బరువులు నేను. నలభై మూడో ఏట ఆమెకి పెళ్ళి కుదిరింది. విశాఖలో ఉద్యోగం చేసే మనిషి, మంచివాడు. చీరలు నేనే దగ్గరుండి కొనిపించాను. ఆమె స్కూటరుతో సహా వెళ్ళిపోయింది. నాకు స్కూటరు నడపడం రాదు. ఉన్న సామానంతా ఒక పొడుగాటి సంచిలో కుక్కి కుడి భుజానికి తగిలించుకున్నాను. అలా ఏడాదిన్నర గడిచింది.

మా సందు నిండా హాస్టళ్ళు. ప్రతి వేసవి తరవాత కోచింగుల కోసం కొత్త పిల్లలు వస్తారు. వాళ్ళ ముఖాలు నాకు గుర్తుండడం మొదలయ్యేసరికి పరీక్షలైపోయి వెళ్ళిపోతారు. కింద టిఫిన్ బండి ఆవిడ కూడా నన్ను ఏదో హాస్టలు వార్డెననే అనుకునేది. నేను కాదని చెప్పలేదు. చెప్పి ఉంటే, మరి ఏంటని అడిగేది.

ఆ వానాకాలం వనస్థలిపురంలో ఒక కొత్త పేషెంటు దొరికారు. అటవీ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మెల్లగా వస్తుంది గాని స్పష్టంగానే ఉంది. పాతకాలపు ఇంట్లో పై అంతస్తులో ఆయనా భార్యా ఉండేవారు. మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. ఎల్.బి. నగర్లో మెట్రో దిగి, ఆటో పట్టుకుని వెళ్ళి, ఆ మెట్లెక్కేసరికి నాకు ఆయాసం వచ్చేది. మొదటి పది రోజులు ఆయన నేను చెప్పింది చేయడమే తప్ప ఏమీ మాట్లాడలేదు. ఒకరోజు నేను సంచి దించి భుజం నొక్కుకుంటుంటే మంచం మీంచే అన్నారు:

"మేడం, మీరు నాకు ఒళ్ళు బాగుచేస్తున్నరు. మీ ఒళ్ళు ఎవరు బాగుచేస్తరు?"

నవ్వి, మిషను బయటికి తీశాను.

"నవ్వుడు కాదు. గా సంచి తప్పు. బరువు తప్పు కాదు, సంచి తప్పు."

"చక్రాల పెట్టె కొన్నానండీ. మెట్ల మీద పనికిరావట్లేదు."

"చక్రాలు వద్దు. నడుముకి కట్టే బ్యాగు కావాలె. లోపల ఇనుప చట్రం ఉండాలె. గట్టిగ."

ఆ రోజు నేను ఆయన చేతివేళ్ళు ఒక్కొక్కటీ చాపి మడుస్తూ ఉంటే, తనకి బరువు మోయడం ఎవరు నేర్పారో చెప్పారు. నల్లమలలో ఉద్యోగం చేసిన రోజుల్లో వేటగాళ్ళు ఒక కణుజును, ఆవంత ఉండే పెద్ద దుప్పిని, చంపి, వీళ్ళ అలికిడికి వదిలేసి పారిపోయారట. కేసు కట్టాలంటే దాన్ని రేంజి ఆఫీసుకి చేర్చాలి. బండి దారి లేదు. ముక్కలు చేసి గోనెసంచుల్లో భుజాన వేసుకున్నవాళ్ళు రెండు గుట్టలు దాటేసరికి కూలబడ్డారు. వాళ్ళతో ఉన్న చెంచు మనిషి మాత్రం వెదురు బద్దలతో నిచ్చెనలాంటి చట్రం కట్టి, కింద ఒక అడ్డకర్ర పెట్టి, దాని మీద మాంసం బిగించి, నారపట్టీ నడుముకి చుట్టుకుని అందరికంటే ముందు నడిచాడట.

"అడిగిన. ఎట్ల మోస్తున్నవురా అని. భుజం సన్న ఎముక సారూ, నడుమెముక పెద్దది, పెద్దదాని మీద పెట్టాలె అన్నడు."

నేను నాలుగున్నరేళ్ళు శరీరశాస్త్రం చదివాను. ఏ ఎముక ఎంత బరువు ఓపుతుందో రోజూ పదిమందికి చెబుతాను. ఆ మాట మాత్రం నాకు ఎప్పుడూ తట్టలేదు.

మరుసటి ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. వెళ్ళేముందు పెద్దాయన ఒక షరతు పెట్టారు. ఖాళీ బ్యాగు చూసి కొనొద్దు, సామాను తీసుకెళ్ళి అందులో వేసుకుని నడిచి చూడాలి. అందుకని మిషనూ బరువులూ అన్నీ మోసుకునే వెళ్ళాను. మొదటి రెండు షాపుల్లో కాలేజీ బ్యాగులు చూపించారు. రంగులు బాగున్నాయి, జిప్పులు బోలెడున్నాయి. సామాను వేయగానే బ్యాగు కిందికి సాగి, నన్ను వెనక్కి లాగింది. మూడో షాపులో కొండలెక్కేవాళ్ళ పొడుగు బ్యాగు ఇచ్చారు. అది నా తల కంటే పైకి వచ్చింది. నడుము పట్టీ మెత్తటి గుడ్డముక్కలా ఉంది, బరువు పడగానే మడత పడిపోయింది.

బస్టాండు వెనక సందులో మిలటరీ బూట్లు, టెంట్లు అమ్మే షాపొకటి ఉంది. దాని ఓనరు మధ్యవయసు మనిషి, నా కథంతా ఓపికగా విని, నిచ్చెన వేసుకుని అటక మీంచి దుమ్ము పట్టిన బ్యాగొకటి దింపాడు. ఎండుటాకులూ కొమ్మలూ అచ్చువేసినట్టున్న గుడ్డ. వెనక అల్యూమినియం చట్రం. అడుగున అరచెయ్యంత వెడల్పున బయటికి పొడుచుకొచ్చిన పీట.

"గిది బయటిదేశం మాల్ మేడం. వేటకు పోయేటోళ్ళది. కొట్టిన జంతువును గీ పీట మీద పెట్టి కడ్తరంట. మనకాడ వేట బంద్ గదా, ఎవ్వరు తీస్కుంటలేరు."

పీట మీద మిషను నిలబెట్టి పట్టీలు బిగించాడు. బరువులు పై అరలో, వీపుకి ఆనేలా పెట్టమన్నాను, పెద్దాయన అలాగే చెప్పారు కాబట్టి. తగిలించుకుని ఆ సందులో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. పండ్ల బండ్లవాళ్ళూ, చెప్పుల షాపువాళ్ళూ చూస్తున్నారు. చీర మీద అడవి రంగు బ్యాగు. ఒకావిడ తన కూతురికి నన్ను చూపించింది కూడా. మామూలుగా అయితే సిగ్గుపడేదాన్ని. చట్రం వంగలేదు, మిషను కదలలేదు, నడుము పట్టీ గట్టిగా పట్టుకుంది. కాకపోతే బ్యాగు నా వీపుకి పొడవు ఎక్కువైంది. పట్టీ తుంటి మీద కాకుండా తొడల మీద కూర్చుంది.

"చట్రానికి రంధ్రాలున్నయ్. పిన్ను తీసి భుజం పట్టీలు కిందికి జరపొచ్చు," అన్నాడు షాపతను. తీసుకున్నాను.

పెద్దాయన ఆ బ్యాగుని చూసిన తీరు నాకిప్పటికీ గుర్తుంది. ఎడం చేత్తో చట్రం మీద తట్టి, పీట మీద వేలుంచి, "గా వెదురుదీ గిదీ ఒక్కటే లెక్క," అన్నారు. కంటిచూపుతోనే కొలిచి, పిన్నులు మూడు రంధ్రాలు దింపమన్నారు. దింపాను. రెండు రోజులు తిరిగేసరికి పట్టీ పొట్టమీదికెక్కి ఊపిరాడనివ్వలేదు. మూడో రోజు చెబితే ఆయన ఒప్పుకున్నారు.

"నాదే తప్పు. కొలవాలె. మనిషి ఎత్తు కాదు, వీపు కొలవాలె. మెడకాడ బొడిపె నుంచి తుంటెముక పైదాక."

ఎక్కడ నుంచి ఎక్కడికో నాకు బాగా తెలుసు. ఆ ముందు రాత్రే గదిలో ప్రయత్నించాను. టేపు ఒక చివర మెడ మీద పట్టుకుంటే రెండో చివర నడుము దగ్గర అందదు. గోడకి ఆనించి పట్టుకుని చూశాను, జారిపోయింది. అద్దంలో చూసి అంచనా వేద్దామంటే అద్దం చిన్నది. ఎవరి వీపు వాళ్ళు కొలుచుకోలేరన్నది నాకు అప్పుడే తెలిసింది. హాస్టలు పిల్లల్ని పిలుద్దామా అని తలుపుదాకా వెళ్ళి, ఏమని అడగాలో తెలియక తిరిగొచ్చాను.

"నాకు అందలేదండీ," అన్నాను.

ఆయన వంటింటి వైపు చూసి భార్యను పిలిచారు. ఆవిడ అప్పటిదాకా నాతో మంచినీళ్ళు, చాయ్ అన్న రెండు మాటలు తప్ప మాట్లాడి ఎరగదు. పాత కుట్టుమిషను డ్రాయరు లోంచి బట్టలు కొలిచే టేపు తీసుకొచ్చింది.

"తల వంచు బిడ్డా," అంది.

వంచాను. తడిచేతిని కొంగుకి తుడుచుకుని, నా జడ ముందుకి వేసి, మెడ వెనక ఎముక కోసం వేలితో తడిమింది. "గిదేనా?" అంది. "అవునండీ." రెండో చెయ్యి వీపు మీదుగా జారి తుంటి దగ్గర ఆగింది. అక్కడ అరచెయ్యి ఆనించి, టేపు చివర కోసం కళ్ళద్దాలు సరిచేసుకుంటూ కాసేపు అలాగే ఉండిపోయింది.

నేను రోజుకి ఏడెనిమిది మంది ఒళ్ళు ముట్టుకుంటాను. ఎవరి చేతులు ఎంత వెచ్చగా ఉన్నాయో, ఎవరి భుజంలో ఎక్కడ ముడి పడిందో కళ్ళు మూసుకుని చెప్పగలను. నా వీపు మీద ఇంకొకరి చెయ్యి పడి ఎన్నాళ్ళైందో లెక్కవేయబోయి మానేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల వంచుకునే ఉన్నాను కాబట్టి ఎవరికీ కనిపించలేదనుకున్నాను.

"పదహారున్నర," అంది ఆవిడ ఆయనతో. తరవాత నా వీపు మీద రెండుసార్లు మెల్లగా తట్టింది. "చాయ్ తాగి పోదువు," అని లోపలికి వెళ్ళింది.

పిన్నులు ఒక రంధ్రం పైకి జరిపాం. ఇక బిగించే వరస ఆయన నేర్పారు. ముందు కొంచెం వంగి బ్యాగు పైకెత్తి, నడుము పట్టీని తుంటెముక మధ్యలో పెట్టి గట్టిగా బిగించాలి. ఆ తరవాతే భుజం పట్టీలు, అదీ ఆనేంత వరకే. తరవాత భుజాల పైనుంచి చట్రానికి పోయే చిన్న పట్టీలు లాగితే బరువు వీపుకి దగ్గరవుతుంది. ఆఖరున ఛాతీ పట్టీ. అన్నీ సరిగ్గా పడ్డాక భుజం పట్టీ కింద రెండు వేళ్ళు దూరాయి. లేచి నిలబడితే, ఏడాదిన్నరగా నా భుజం మీద ఉన్నది దిగి నడుము మీద కూర్చున్నట్టయింది. బరువు అంతే ఉంది.

ఆ పట్టీలే ఆయనకి వ్యాయామం అయ్యాయి. బంతి పిసకమంటే విసుక్కునేవారు గాని, నా బ్యాగు పట్టీ లాగమంటే కుడి చెయ్యి ముందుకి చాచేవారు. మొదట వేళ్ళు పట్టీని చుట్టుకునేవి కావు. నేను చుట్టి పట్టుకుంటే మోచెయ్యి లాగేది. కొన్ని వారాలకి బొటనవేలు కదిలింది. ఒకరోజు నేను వెళ్ళడానికి లేస్తుంటే, "ఆగు బిడ్డా," అని నన్ను మంచం దగ్గరికి పిలిచి, భుజం మీది చిన్న పట్టీని ఆ చేత్తోనే పట్టుకుని లాగారు. కొద్దిగా బిగిసింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"గట్టిగైందా?"

"అయ్యిందండీ."

"అబద్ధం చెప్పకు."

"నిజంగా అయ్యిందండీ," అన్నాను. నిజమే చెప్పాను.

మెట్రోలో తనిఖీ దగ్గర ఆ బ్యాగు చూసి మొదటి వారమంతా నన్ను ఆపారు. "ఆర్మీనా మేడం?" అని ఒకతను అడిగాడు. ఫిజియోథెరపీ అని చెప్పి మిషను చూపించాను. మర్నాటి నుంచి అతను నాకు సెల్యూట్ కొట్టేవాడు. కొన్ని రోజుల్లో పొద్దున్నే నన్ను పలకరించి మాట్లాడింది అతనొక్కడే.

చలికాలం ముగిసేసరికి పెద్దాయన కర్ర పట్టుకుని మెట్లు దిగగలిగారు. నా పని అక్కడితో అయిపోతుంది. ఈ వృత్తిలో అది మామూలే. బాగైనవాళ్ళకి మనం అక్కర్లేదు, మళ్ళీ కలవాలని కోరుకోవడం కూడా తప్పే. ఆఖరి రోజు నేను చెప్పాల్సినవన్నీ కాగితం మీద రాసిచ్చాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇల్లు ఖాళీ చేసి వరంగల్లో కూతురి దగ్గరికి వెళ్తున్నామని ఆవిడ చెప్పింది. అక్కడ మెట్లు లేవట. నేను సంతోషంగా తల ఊపాను.

"నువ్వు గిట్లనే ఒక్కదానివే తిరుగుతవా బిడ్డా?" అని ఆవిడ గుమ్మం దగ్గర అడిగింది.

"అలవాటైపోయిందండీ."

నేను మెట్లు దిగి కిందికి వచ్చేదాకా ఆవిడ పైన నిలబడే ఉంది.

రెండు నెలల తరవాత ఒక ఆదివారం ఉండబట్టలేక ఫోన్ చేశాను. ఆవిడే ఎత్తింది. ఆయన నడకకి వెళ్ళారట, ఒక్కరే, పార్కుదాకా. ఎట్లున్నవని నన్ను అడిగింది. బాగున్నానన్నాను. తిన్నవా అంది. తిన్నానన్నాను. ఇంకేదో చెబుదామని మాటలు వెతుక్కునేలోపు, ఎవరో వచ్చారు, మళ్ళా మాట్లాడుతనని పెట్టేసింది. ఆవిడ మళ్ళీ చేయలేదు. నేనూ చేయలేదు.

ఆ వారమే ఎల్.బి. నగర్లో కొత్త పేషెంటు. మోకాలి ఆపరేషన్ అయిన టీచరు, మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయదు. మధ్యలో ఒకచోట ఆగి నడుము పట్టీ కొంచెం బిగించుకుని, మళ్ళీ ఎక్కాను. టీచరు చెల్లెలు తలుపు తీసి, నా వెనక మెట్ల వైపు తొంగిచూసింది.

"ఒక్కరే వచ్చారా? ఇంత సామానుతో?"

"ఒక్కదాన్నేనండీ," అని, బ్యాగు దించడానికి గోడ వారగా చోటు చూసుకున్నాను.