కాలువకు చాలని తాడు

వాన వెలిసిన పూట మలికిపురం బజారులో ఆ తాళ్ల కొట్టు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నా నడక మందగిస్తుంది. చుట్టలుగా చుట్టి వసారాలో వేలాడదీసిన కొబ్బరితాళ్లు జల్లుకు తడిసి, కాస్త ఉప్పగా, కాస్త బురదగా, నానిన పీచు వాసన వేస్తుంటాయి. కొట్టతను "ఏం కావాలండీ?" అంటాడు. ఏమీ వద్దని చెప్పి, ఇంకాసేపు నిలబడి వస్తాను. ఆ వాసన తగిలితే ఇన్నేళ్ల తరవాత కూడా నా నడుం చుట్టూ ఒక ముడి బిగుసుకున్నట్టే ఉంటుంది. ఆ ముడి వేసినాయన కెప్టెన్ దేవదానం గారు.

నాకు పదకొండో ఏడు వచ్చేసరికి ఆయన సైన్యంలో పని ముగించుకుని మా ఊరు తిరిగొచ్చారు. మామూలు సిపాయిగా చేరి, నదుల మీద వంతెనలు వేసే దళంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి, కెప్టెన్ హోదాతో దిగారు. చర్చి పక్కన, తండ్రి గుడిసె ఉన్న చోటనే రెండు గదుల పెంకుటిల్లు కట్టుకున్నారు. తెల్లారకముందే లేచి, గీత గీసినట్టు ఇస్త్రీ చేసిన నిక్కరు తొడిగి, చేతికర్ర ఊపుకుంటూ గట్టు మీద మూడు మైళ్లు నడిచి, పాలవాళ్లు బయల్దేరే వేళకి ఇల్లు చేరేవారు. అరుగు మీద కూర్చుని ఎనామిల్ మగ్గులో నల్లటి టీ తాగేవారు. ఆయన పెరట్లో బంతిమొక్కలు కూడా వరస తప్పకుండా నిలబడేవి. క్రిస్మస్‌కి మాత్రం ఆ క్రమశిక్షణ అంతా ఎగిరిపోయి, వచ్చిన ప్రతి పిల్ల జేబులోనూ, పిల్లకి జేబు లేకపోతే పావడా ఒళ్లోనూ, అరిసెలూ చక్కిలాలూ గుప్పెళ్లతో పోసేవారు.

ఆయన తండ్రి మా పొలంలో పాలేరుగా చేసినవాడు. అందుకని మా వీధి పెద్దలకు ఆయన్ని ఎలా పిలవాలో తోచేది కాదు. పేరు పెట్టి పిలిస్తే బాగుండదు, గారు అనడానికి నోరు రాదు. మా నాయనమ్మ మధ్యేమార్గంగా "ఏమయ్యా దేవదానం" అనేది. ఆయన ఏ తేడా చూపించకుండా "ఆయ్, మామ్మగారండీ" అనేవారు.

ఆ ఏడు నా ఐదో తరగతి అయిపోయింది. హైస్కూలు గోదావరి పాయకు అవతలి ఒడ్డున ఉండేది. పొద్దున్నే పడవెక్కి వెళ్లి, సాయంత్రం పడవెక్కి రావాలి. మా మేనత్త మీనాక్షి పదహారేళ్ల వయసులో, అట్లతద్ది మర్నాడు, గోరింటాకు ఎర్రగా పండిన చేతులతో ఆ రేవులోనే పడవ తిరగబడి చనిపోయింది. అప్పటి నుంచి నాయనమ్మ గోదారి వైపు తలుపు తీసేది కాదు. చదువు మాట నేను ఎత్తినప్పుడల్లా ఒకటే జవాబు.

"పడవెక్కే పిల్లకి ఈతొచ్చి ఉండాలి. నా మీనాక్షికి రాలేదు."

ఆడపిల్లలకు ఈత నేర్పేవాళ్లు మా ఊళ్లో లేరు గనక, ఆ మాటకి అర్థం చదువు మానెయ్యమనే. ఈ సంగతి నా స్నేహితురాలు సుందరి కెప్టెన్‌గారి చెవిన వేసింది. ఆయన రెండు రోజులు ఆలోచించి, కాగితం మీద గళ్లు గీసి, ఒక టైంటేబులు రాశారు. వేసవి సెలవుల మొదటి రోజు, ఉదయం ఆరు గంటలకు, ఊరి పంటకాలువ రేవులో ఆడపిల్లలకు ఈత. ప్రతి పిల్లా పీచు వలవని రెండు ఎండు కొబ్బరికాయలు జంటగా కట్టి తేవాలి. అవి నీళ్లలో తేలతాయి, వాటి మీద పిల్ల తేలుతుంది. నీళ్లలో దిగి నేర్పేది ఆయన భార్య రూతమ్మగారు. లంక ఊరి మనిషి, చేపలా ఈదుతుంది. కెప్టెన్‌గారు ఒడ్డున ఈల పట్టుకుని ఉంటారు.

పన్నెండు మందిమి కొబ్బరికాయలు చంకన పెట్టుకుని ఆరింటికి రేవులో దిగాం. కాలువలో చుక్క నీరు లేదు.

వేసవిలో లాకులు మూసి కాలువలు కట్టేస్తారన్నది మా ఊళ్లో నడక వచ్చిన ప్రతి బిడ్డకీ తెలుసు. తెలుసు గనకే ఎవరూ ఆయనకు చెప్పలేదు, ఆయనకూ ఏదో ఉపాయం ఉండే ఉంటుందనుకున్నాం. ముప్ఫై ఏళ్లు ఎండిపోని నదుల దగ్గర తిరిగి ఆయన ఆ సంగతే మరిచిపోయారు. నెర్రెలిచ్చిన బురదలో కుర్రాళ్లు మట్టగిడస చేపలు పట్టుకుంటున్నారు. ఒకడికి ఎప్పుడో జారిపోయిన ఇత్తడి చెంబు దొరికింది. నా వెనకే వచ్చిన నాయనమ్మ గట్టు మీద నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమయ్యా దేవదానం, మిలట్రీలో ఇసకలో ఈదుతారా ఏంటి?"

గట్టంతా నవ్వింది. కెప్టెన్‌గారు ఎండు కాలువ వంక ఒక్క నిమిషం చూసి, "ఆయ్, ముందు ఇసకలోనేనండీ, మామ్మగారండీ. నీళ్లు తరవాత" అన్నారు. మంచినీళ్ల చెరువులో ఎవరినీ దిగనివ్వరు, గోదారికి ఆడపిల్లల్ని ఎవరూ పంపరు. ఇంక ఆయనకు మిగిలింది నేలే.

ఆ వేసవంతా మేం నేల మీద ఈదాం. సండే స్కూలు బల్లలు చింతచెట్టు నీడకి మోయించి, వాటి మీద బోర్లా పడుకోబెట్టి, ఈల వేస్తే కాళ్లు, రెండు ఈలలకు చేతులు. రూతమ్మగారు గంగాళం నిండా నీళ్లు పోసి, అందులో మొహం ముంచి ఇరవై లెక్కపెట్టమనేది. సుందరి పదకొండు దగ్గర లేచి, ఇరవై అయిందని ఒట్టు పెట్టేది. పొట్టల మీద బల్ల చెక్కల గుర్తులు, చింతాకు రాలిన జుట్టు, పక్క రోడ్డు మీంచి ఎండలో ఉడికిన తారు వాసన. పాఠం అయ్యాక ఆయన పంచే తాటిముంజెల చల్లదనం. ఇంటికెళ్తూ దారిలో మామిడికాయ ముక్కలకు ఉప్పూ కారం అద్దుకుని, పళ్లు పులిసేదాకా తినేవాళ్లం. మా వీధిలో మా పేరు బల్లచేపలు. ఆ పేరు పెట్టింది మా నాయనమ్మే. అయినా రోజూ పొద్దున్నే నన్ను నిద్ర లేపింది కూడా ఆవిడే.

జూన్‌లో లాకులు తెరిచారు. ముందు నురగ వచ్చింది, దాని వెనక ఎండుటాకులు, వాటి వెనక ఎర్రనీళ్లు. ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. స్కూళ్లు తెరవడానికి అప్పటికి పది రోజులే ఉంది. ఒళ్లు నేల మీద నేర్చుకున్నదంతా నీళ్లకు అప్పగించింది. మూడో రోజుకి కొబ్బరికాయలు వదిలేశాను. ఎనిమిదో రోజున కెప్టెన్‌గారు మా ఇంటికొచ్చి, అరుగు కిందే నిలబడి నాయనమ్మతో చెప్పారు.

"రేపు పాప కాలువ దాటుద్దండీ. మీరొచ్చి చూడాలి. తాడు మీ చేతిలోనే ఉంటది. భయమేస్తే లాగెయ్యొచ్చు."

తాడు ఆయనే కొలిచి పేనించారు, కొత్త కొబ్బరితాడు. ఒక కొస నా నడుముకు కట్టి, రెండో కొస నాయనమ్మకు ఇచ్చారు. ఆవిడ దాన్ని అరచేతికి రెండు చుట్లు చుట్టుకుంది. ఈల మోగింది. నీళ్లు చెవుల్లోకి పోయి ఊరి గొడవంతా దూరమైంది. సగం దాటాను, ఇంకా ముందుకెళ్లాను. ఎదురుగా అవతలి గట్టున రూతమ్మగారు చేతులు చాచింది, ఇంకా రెండు నిలువుల దూరం. అక్కడ తాడు బిగిసింది.

కాళ్లు కొట్టుకుంటున్నాను, ముందుకి సాగడం లేదు. వెనక్కి చూశాను. నాయనమ్మ రేవు చివరి మెట్టు మీద, మోకాళ్ల లోతు నీళ్లలో, రెండు చేతులతో తాడు గుంజిపట్టుకుని ఉంది. వదలడానికి తాడు ఇక ఒక్క జానెడు కూడా లేదు. తాడు నా పొట్టని కోస్తోంది.

"మామ్మగారండీ," అన్నారు కెప్టెన్‌గారు నెమ్మదిగా. "వదిలెయ్యండి."

"వదల్ను."

"తాడు చాలదండీ. వదిల్తేనే దాటుద్ది."

"దానికి ఊపిరాడుద్దా?" అంది నాయనమ్మ. ఆ గొంతు నేను అంతకు ముందెప్పుడూ వినలేదు.

"ఆడుద్దండీ. ఇరవై లెక్కపెట్టింది, నేను చూసేను."

ఆవిడ చేతి చుట్లు విప్పడం నాకు కనిపించలేదు. నడుం మీద బరువు ఒక్కసారిగా తేలికైంది, అంతే. తడి తాడు తోకలా నా వెనక రాగా, నాలుగైదు బారలు వేసి అవతలి గట్టు మట్టి పట్టుకున్నాను.

ఇటు తిరిగి చూస్తే నాయనమ్మ ఖాళీ అరచేతులు చూసుకుంటోంది. తరవాత పక్కకు తిరిగి, అందరూ వింటుండగా అంది, "కెప్టెన్ గారూ, సోమవారం పడవ ఎన్నింటికండీ?"

ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు, ఒక సెలవు పూట ఆయన అరుగు మీద టీ తాగుతూ అడిగాను, ఆ తాడు కావాలనే పొట్టిగా పేనించారా అని. ఆయన మగ్గులోకి చూస్తూ నవ్వారు.

"పొరపాటేనమ్మా. ఎండిన కాలవ అడుగు కొలిచేను. నీళ్లెక్కితే గట్ల మీదకి వెడల్పవుద్ది గదా. ముప్ఫయ్యేళ్లు వంతెనలు కట్టినోడు కాలవ కొలవలేకపోయేడని నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు."

"సరిపడా ఉండుంటే?"

"మామ్మగారు ఇంకా పట్టుకునే ఉండేవోరు."

కెప్టెన్‌గారు పోయారు, నాయనమ్మ అంతకు ముందే పోయింది. పడవలూ లేవు. పాయ మీద వంతెన వచ్చాక పడవ సరంగు కేక వినపడక ఎన్నేళ్లో. ఆడపిల్లలు సైకిళ్ల మీద కబుర్లాడుకుంటూ వంతెన దాటుతుంటే నీళ్ల వంక కూడా చూడరు. రేవు మెట్లు విరిగాయి. కాలువ నిండా గుర్రపుడెక్క. నేల మీద ఈదిన చింతచెట్టు చోట ఆటోలు ఆగుతాయి. వరదలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైన సుందరి నిన్న ఫోను చేసింది. రేవు దగ్గర గుర్రపుడెక్క తీయించారట, ఈత నేర్చుకోడానికి పధ్నాలుగు మంది పిల్లలు పేర్లిచ్చారట. "కొబ్బరికాయలు నావి, తాడు నీది. నీళ్లొచ్చాకే మొదలెడదామే, మళ్లీ నవ్వించకు" అంది.

ఈ పొద్దున కొట్టతను ఎప్పటిలాగే ఏం కావాలని అడిగాడు. తాడు కావాలన్నాను. ఆశ్చర్యపోయి, చుట్ట దింపి, ఎంత కొలవమంటారని అడిగాడు.

"మా ఊరి కాలువ వెడల్పుకి," అన్నాను, "రెండు నిలువులు తక్కువ."