వేలు పెట్టించే ఆమె

"ఈ వీధికి చీటీలు ఎందుకు తెస్తివి? ఈడ మనకు ఒక్క ఓటన్నా పడుతుందా?"

"పడకపోతే పోనీప్పా. ఓటు వాళ్లది గదా!"

"నువ్వు పార్టీ పని చేస్తాండావా, ఊరి పని చేస్తాండావా?"

"ఊర్లో లేని పార్టీ యాడుందన్నా?"

ఎన్నికల ముందు ఆళ్లగడ్డలో, మా ఇంటి ముందరే, పార్టీ పెద్దమనిషికీ ఓటరు చీటీలు పంచే ఆమెకూ జరిగిన గొడవ ఇది. ఆయన చీటీల కట్ట లాక్కున్నాడు. ఆమె తన మెడలోని పార్టీ కండువా తీసి, మడత పెట్టి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది గూడా తీసుకపో. నా చేత్తో రాసుకున్న ఓటర్ల లిస్టు మాత్రం ఇయ్యను."

ఆమె చీటీ ఇచ్చి ఊరికే పోయే మనిషి కాదు. చదువు రానివాళ్ల చేత కూడా పేరు మీద వేలు పెట్టించి, "ఇది నువ్వేనవ్వా" అనేది. రెండో తరగతితో బడి మానిన నేను పోయిన ఎన్నికలప్పుడు, "నా పేరు నాకు తెలీదా?" అని కసిరాను కూడా.

మరునాడు పొద్దున ఆమె వచ్చి మా అరుగు మీద కూర్చుంది. పొయ్యి రాజేయడానికి దాచుకున్న పాత క్యాలెండర్ కాగితాలు నేనే ఇచ్చాను. తన లిస్టు చూసి వాటి వెనక మా వీధి చీటీలన్నీ రాసింది. మొదటిది నాది. ఆమె అడగకముందే నా పేరు మీద వేలు పెట్టాను.