మూడు పిన్నీసులు

కార్తీక మాసం మూడో సోమవారం, పొద్దున ఆరు గంటల నలభై నిమిషాలకు ఆమె చున్నీ నడక మిషను పట్టాలో పడింది. జిమ్ములో అద్దాల గోడకు ఎదురుగా ఎర్ర అంకెల గడియారం ఉంటుంది. చప్పుడుకు నేను తల ఎత్తినప్పుడు ఆరూ నలభై. మళ్ళీ చూసినప్పుడు ఆరూ నలభై రెండు. ఆ రెండు నిమిషాల సంగతి చెప్పాలంటే రెండు నెలలు వెనక్కి పోవాలి. తప్పు ఆ పొద్దున జరిగింది కాదు.

నల్లగండ్లలో కొన్ని పెద్ద అపార్ట్‌మెంట్లకు కలిపి ఒక క్లబ్ హౌస్ ఉంది. దాని రెండో అంతస్తులో జిమ్ము. అక్కడ నేల తుడిచేది, అద్దాలు రుద్దేది, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది చూసుకునేది నేను. బోరబండలో మొదటి లింగంపల్లి బండి ఎక్కి ఐదున్నరకల్లా తలుపు దగ్గర ఉంటాను. వయసు అరవై దాటింది. అక్షరాలు మాత్రం యాభై రెండో ఏట వచ్చాయి, మా బస్తీ అంగన్‌వాడీ టీచరమ్మ పుణ్యాన. సొగసుగా రాయడం నాకు తెలియదు. నోటికి ఎట్లా వస్తే అట్లా మాట్లాడేదాన్ని, రాతా అంతే.

మనుషులు చెమట పట్టించుకోవడానికి ఏం తొడుక్కుంటారో ఆరేళ్ళుగా చూస్తున్నాను. మగవాళ్ళలో సగం మంది ఆఫీసువాళ్ళు ఊరికే ఇచ్చిన టీ షర్టులతో వస్తారు. వీపు మీద కంపెనీ గుర్తు ఉంటుంది. ఉద్యోగం మారుతుంది, చొక్కా మారదు. రిటైరైన ఆఫీసరు సారు ఒకరు ప్యాంటులోకి చొక్కా దోపి, బెల్టు పెట్టి, మంకీ క్యాపుతో సైకిలు తొక్కుతారు. కాళ్ళు తిరుగుతుంటాయి గానీ ముఖం మాత్రం ఫైలు మీద సంతకం పెడుతున్నట్టే ఉంటుంది. కండలు పెంచే కుర్రవాళ్ళవి చంక నుంచి నడుము దాకా కోసేసిన బనీన్లు. "గంత కోసినంక మిగిలిందేంది బిడ్డా, అది గూడ తీసి నాకియ్యి, నేల తుడుస్త" అన్నాను ఒకసారి. పడీ పడీ నవ్వారు. నా నోటికి అక్కడ అందరూ అలవాటు పడ్డారు. నేను ఏమన్నా నవ్వుతారు. నేను అన్నదాన్ని కాదనేవాళ్ళు మాత్రం లేరు.

ఆడపిల్లలవి ఒంటికి అంటుకుపోయిన నల్ల లెగ్గింగులు, బొడ్డు పైదాకా ఉండే పొట్టి బనీన్లు. మొదట్లో తల తిప్పుకునేదాన్ని. తర్వాత అలవాటైంది. కానీ మనసు ఒప్పుకోలేదు.

వినాయకుడి పండుగ అయ్యాక ఆమె వచ్చింది. నలభై రెండు మూడేళ్ళు ఉంటాయి. గోదావరి వైపు మనిషి. మాట చివర అండి లేకుండా చీపురును కూడా పక్కకు జరగమనదు. బ్యాంకులో ఉద్యోగం. షుగరు వచ్చిందని, రోజూ నడవకపోతే కష్టమని డాక్టరు భయపెట్టాడట. ఇంటరు చదివే కూతురు పట్టుబట్టి అమ్మకు నల్ల లెగ్గింగు, ఊదారంగు టీ షర్టు కొనిపెట్టింది. మొదటి రోజు అవి తొడుక్కుని గదిలోంచి బయటికి వచ్చి, అద్దం ముందు నిలబడి, టీ షర్టు అంచు పట్టుకుని కిందికి లాగుతూనే ఉంది.

"పెద్దమ్మగారూ, నిజం చెప్పండి. ఎలా ఉందండీ?"

అద్దం తుడుస్తున్న నా తోటి పనామె కిసుక్కున నవ్వింది. "పెద్దమ్మను అడుగుతున్నరా మేడం? ఆమె నోట్ల పడితే ఇగ అంతే."

నేను కింది నుంచి పైదాకా చూశాను. "బియ్యం బస్త లెక్క ఉంది బిడ్డా. కోపం తెచ్చుకోకు, అడిగినవు గావట్టి చెప్తున్న. ఎదిగిన బిడ్డ తల్లివి. గా పోరగాండ్ల ముంగట గిట్లనే ఉరుకుతవా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "మా అమ్మాయి కొందండీ. అందరూ ఇలాగే వేసుకుంటారంది."

"అందరి సంగతి నీకెందుకు? రేపు చున్నీ తెచ్చుకో. జర ఒళ్ళు కప్పుకో."

ఆ రోజు ఆమె నడవలేదు. కాసేపు కుర్చీలో కూర్చుని ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు పొడుగు కమీజు, మీద నూలు చున్నీ వేసుకుని వచ్చింది. నడుస్తుంటే చున్నీ జారింది. నేనే పిలిచాను. నా పుస్తెల తాడుకు ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు వేలాడుతుంటాయి. కొక్కెం ఊడినా, చెప్పు తెగినా చేతికి అందాలని మా అమ్మ నేర్పిన అలవాటు. రెండు తీశాను. చున్నీ గొంతు ముందు నుంచి రెండు భుజాల మీదుగా వీపు వెనక్కి పడేటట్టు సర్ది, ఒక్కో భుజానికి ఒకటి గుచ్చాను.

"ఇప్పుడు చూస్కో. దేవుని ముంగటికైన పోవచ్చు."

ఆమె అద్దంలో చూసుకుంది. చేతులు దేన్నీ లాగడం లేదు. "అమ్మయ్య, ప్రాణం కుదుటపడిందండీ" అంది. ఆ రోజు నలభై నిమిషాలు నడిచింది. ఆ తర్వాత ఒక్క రోజూ మానలేదు. నా వల్లనే నడుస్తోందని నలుగురికీ చెప్పింది. నాకు గర్వంగా ఉండేది.

జిమ్ము కోచ్ కరీంనగర్ వైపు పిల్లవాడు, పాతికేళ్ళుంటాయి. నాలుగో రోజో ఐదో రోజో అతను ఆమె దగ్గరికి వచ్చి, తల దించుకునే, "మేడం, ట్రెడ్‌మిల్ మీద చున్నీ మంచిది కాదు. తీసి పక్కన పెట్టండి" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. నేను గుడ్డ భుజాన వేసుకుని ముందుకు వచ్చాను. "ఓ సారూ, నువ్వు నీ బరువుల సంగతి చూస్కో. ఆడోళ్ళు ఏం కప్పుకోవాల్నో నువ్వు చెప్తవా? మీ అమ్మకు గూడ గిట్లనే చెప్తవా?"

డంబెల్స్ దగ్గర కుర్రవాళ్ళు ఈలలు వేశారు. "అయిపాయె అన్నా, పెద్దమ్మ ఎసరు పెట్టింది" అన్నాడు ఒకడు. కోచ్ మెడ దాకా ఎర్రబడి, నవ్వీ నవ్వనట్టు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అక్కడ ఆ మాట అన్నవాడు అతనొక్కడే.

బతుకమ్మ అయిపోయిన వారం ఆమె చున్నీ అంచు తెచ్చి నాకు చూపించింది. జానెడు మేర నల్లటి జిడ్డు. దారాలు నమిలి ఉమ్మినట్టు ఊడి ఉన్నాయి.

"వెనకాల ఎక్కడో రాసుకుందండీ. నిన్న ఒక్కసారి వెనక్కి లాగినట్టయింది. ఎంత ఉతికినా మరక పోవడం లేదు."

ఇక్కడ ఒకటి చెప్పాలి. వయసులో ఉన్నప్పుడు, అంటే ఒళ్ళు గట్టిగా ఉన్నప్పుడు, పదకొండేళ్ళు పిండి గిర్నిలో పనిచేశాను. తిరిగే పట్టా పక్కన కొంగు బొడ్లో దోపకుండా నిలబడితే గిర్ని సేటు కర్రతో కొట్టేవాడు. పట్టాకు బట్ట దొరికితే అది మనిషిని వదలదని నాకు ఒకరు చెప్పనక్కర లేదు. ఆ జిడ్డు చూడగానే తెలియాలి. తెలియలేదు. నల్ల రబ్బరు, మెరిసే ఇనుము, దాని మీద జనం ఫోనులో సినిమాలు చూస్తూ నడుస్తారు. అది కూడా పట్టాయేనని నా తలకు తోచలేదు. నాకు కనిపించింది జారిపోతున్న చున్నీ ఒక్కటే.

"ఫికర్ జెయ్యకు. జారుతున్నది గదా, ఇంకోటి పెడత" అన్నాను.

మూడోది మెడ వెనక పెట్టాను. చున్నీ రెండు వైపులనూ వెనక్కి తెచ్చి, ఒకదాని మీద ఒకటి కలిపి, కమీజు కాలరుకు లోపలి నుంచి గుచ్చాను. పైకి కనబడదు. ఇక ఎంత ఉరికినా కదలదు. అట్లా నేను ఆమె మెడ చుట్టూ ఉరి వేసి పెట్టాను. ఆమె నాకు థాంక్సండీ అని చెప్పింది. అప్పటి నుంచి రోజూ వెనక పిన్నీసు పెట్టించుకోవడానికి నా దగ్గరికే వచ్చి వీపు తిప్పి నిలబడేది.

ఇక ఆ సోమవారం. ఆమె ఉపవాసం. నడక అయ్యాక అటు నుంచి అటే శివాలయానికి పోవాలని పట్టు డ్రెస్సు వేసుకుని వచ్చింది. చున్నీ కూడా పట్టుదే, జరీ అంచు, బాగా పొడుగు. వీపు మీద నుంచి కొసలు పిక్కల దాకా వేలాడుతున్నాయి. నేను మూడు పిన్నీసులు గుచ్చాను.

"కాఫీ అన్న తాగినవా?"

"లేదండీ, సాయంత్రం దీపం పెట్టాకే. ఓ పావుగంట నడిచి వెళ్ళిపోతాను."

"లక్ష్మీదేవి లెక్క ఉన్నవు, పో" అన్నాను.

నేను వాకిటి దగ్గర కిటికీ అద్దం తుడుస్తున్నాను. మొదట గరగరమని చప్పుడు. బట్ట చిరిగినట్టు లేదు, గిర్నిలో రాయి పడ్డట్టు ఉంది. తిరిగి చూసేసరికి ఆమె నడక మందగించి మిషను చివరికి జారి ఉంది, తల వెనక్కి విరుచుకుపోయి ఉంది. మోకాళ్ళ మీద పడింది. వీపు మిషను చివరకు అతుక్కుంది. రెండు చేతులూ గొంతు దగ్గర. నోరు తెరిచే ఉంది గానీ గొంతు పలకలేదు. పక్క మిషను మీది అమ్మాయి చెవుల్లో పాటలు పెట్టుకుని ఇంకా నడుస్తూనే ఉంది.

కోచ్ అటు చివర నుంచి పరుగెత్తి వచ్చి ఎర్ర బొత్తాం కొట్టాడు. పట్టా ఆగింది. కానీ మింగిన బట్టను అది వదలలేదు. అతను చున్నీ పట్టుకుని గుంజాడు. భుజాల మీది పిన్నీసులు రెండూ కమీజుతో సహా పిగిలి వచ్చాయి. ముందు మడతను గడ్డం మీదుగా తల పైకి తీయబోయాడు. అది రావాలి. రాలేదు.

"ఎక్కడ పట్టింది ఇది! కత్తెర! కత్తెర తేండి!"

నా తోటి పనామె ఆఫీసు గదికి ఉరికింది. కుర్రవాళ్ళు మిషను లేపుతామని పట్టుకున్నారు. ఆమె ముఖం ఎరుపు దాటి వేరే రంగుకు తిరుగుతోంది. ఎక్కడ పట్టిందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. నేను కదలలేదు. ఎంతసేపో నాకు తెలియదు. చేతిలో తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరిచి "వెనక" అనలేకపోయాను. ఎప్పుడూ ఆగని నోరు.

తర్వాత పోయాను. ఆమె జుట్టు కిందికి వేళ్ళు దూర్చాను. బట్టకూ చర్మానికీ మధ్య వేలు పట్టే సందు లేదు. పిన్నీసు వంగిపోయి ఉంది. గోరు విరిగింది. రెండోసారికి పిన్నీసు తల విప్పుకుంది. కోచ్ చున్నీని ఒక్క ఊపున తల మీదుగా తీసేశాడు. ఆమె ఊపిరి లోపలికి పోయిన చప్పుడు నేను ఇంతవరకు ఎక్కడా వినలేదు. అప్పుడు గడియారం చూశాను. ఆరూ నలభై రెండు.

బతికింది. అంబులెన్సు వచ్చింది, దవాఖానలో తొమ్మిది రోజులు ఉంచారు. గొంతు లోపల నలిగిందన్నారు. నాలుగు రోజులు నీళ్ళు కూడా మింగలేదట.

ఆ వారమే కమిటీవాళ్ళు మీటింగు పెట్టారు. నన్ను ముందుకు పిలిచి శాలువా కప్పారు. సమయానికి ప్రాణం కాపాడిన పెద్దమ్మ అని నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో తెలుగులో అంటించారు. కూడబలుక్కుని చదువుకున్నాను. ఆమె భర్త నా రెండు చేతులూ పట్టుకుని, "మీరు లేకపోతే ఏమైపోయేదోనమ్మా" అని ఏడ్చాడు. నేను లేకపోతే ఆమె టీ షర్టుతో నడిచేది. ఆ మాట నా నాలుక మీదికి వచ్చి ఆగింది. కోచ్‌ను సెక్రటరీ సారు అందరి ముందూ అడిగాడు, ఒక్కసారన్నా జాగ్రత్త చెప్పలేదా అని. అతను నా వైపు చూశాడు. "చెప్పిన సార్, ఒకసారి" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేనూ అనలేదు. శాలువా మెడకు గుచ్చుకుంటోంది, తీస్తే బాగుండదని అట్లాగే కూర్చున్నాను.

నెల దాటాక ఒక పొద్దున ఆమె వచ్చింది. తన అల్మారాలో మిగిలిన బూట్లు, సీసా తీసుకోవడానికి. మెడ దాకా బొత్తాలున్న చొక్కా వేసుకుంది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. నేను తువ్వాళ్ళు మడత పెడుతున్నాను. ఇప్పుడు చెప్పాలి, తప్పు నాదని చెప్పాలి అనుకున్నాను. నేను నోరు తెరవకముందే ఆమె మాట్లాడింది. గొంతు పగిలిన కుండలోంచి వచ్చినట్టుంది, కష్టం మీద వస్తోంది.

"పెద్దమ్మగారూ, రేపటి నుంచి మా అమ్మాయి వస్తుందండీ."

"రానియ్యి బిడ్డా."

"తను ఏం వేసుకుని వచ్చినా..." ఆగి మింగింది. మింగుతుంటే కళ్ళు మూసుకుంది. "తనకు మీరేమీ చెప్పకండి."

కోపం లేదు ఆ మాటలో. ఉంటే నాకు తేలికగా ఉండేది. బూట్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల మర్నాటి నుంచి వస్తోంది. పొట్టి బనీను, నల్ల లెగ్గింగు. నా ముందు నుంచి పోతున్నప్పుడు నడక కొంచెం వేగం చేస్తుంది. నేను నేల చూస్తూ తుడుస్తాను.

క్లబ్ రిజిస్టరులో ఆ రోజు జరిగినదాని కింద ఆమెను, కోచ్‌ను, నన్ను, ముగ్గురినే రాశారు. అది సరి కాదు. పేర్లు రాయను గానీ ఉన్నవాళ్ళందరినీ ఇక్కడ పెడుతున్నాను: సైకిలు దిగి గోడకు ఆనుకుని నిలబడిపోయిన ఆఫీసరు సారు, మిషను లేపబోయిన ఇద్దరు కుర్రవాళ్ళు, పక్క మిషను మీద నడుస్తున్న అమ్మాయి, కత్తెర కోసం ఉరికిన నా తోటి పనామె, ఒకసారి చెప్పి ఊరుకున్న కోచ్, గొంతు పట్టుకుని మోకాళ్ళ మీద పడ్డ ఆమె, ఆమెకు మొదటి రోజే అద్దం ముందు సిగ్గు నేర్పిన నేను.