యాజులు మాష్టారి ‘సబ్’

నర్సీపట్నంలో హోదాకు ముందు ‘సబ్’ ఉన్న ఉద్యోగులంతా యాజులు మాష్టారు ఎదురైతే సందు మారేవారు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే ఆయనకు ఆ ముక్కంటే ప్రాణం.

“సబ్ అంటే లాటిన్‌లో ‘కింద’ అని అర్థమండీ,” అన్నాడొకసారి సబ్ ఇన్‌స్పెక్టరుతో, నడిబజార్లో, జవాన్ల ఎదుట.

“ఎవరి కింద?”

“అది లాటిన్ చెప్పదండీ. సర్కారు వారే చెప్పాలి.”

ఆ తరువాత నెల్లాళ్లు సబ్ ఇన్‌స్పెక్టరు హోదా లేకుండా ఉత్త పేరే సంతకం చేశాడు.

సబ్ రిజిస్ట్రారు నారాయణమూర్తికి పాపం, పారిపోయే వీలు లేదు. కుర్చీలో కూర్చోవడమే ఆయన ఉద్యోగం. సముద్రం కింద తిరిగేది సబ్‌మెరైన్ అనీ, బాధపడ్డమనే ‘సఫర్’కు అసలు అర్థం కిందినుంచి మొయ్యడమనీ, పక్క అక్షరాన్నిబట్టి ‘సఫ్’ అనీ ‘సప్’ అనీ వేషం మార్చే లౌక్యం ఆ ‘సబ్’కు ఉందనీ ఎనిమిదేళ్లుగా వింటున్నాడు. జ్వరమొచ్చి పడుకుంటే మంచం దగ్గరకొచ్చి మరీ చెప్పాడు మహానుభావుడు.

నారాయణమూర్తికీ ఒక నిష్ఠ ఉంది. ఐదు కొట్టగానే వేలిముద్రల పుస్తకం ఇనప్పెట్టెలో పడాలి. పడ్డాక కలెక్టరు వచ్చినా తీయడు.

ఆవేళ రాజులమ్మ దస్తావేజు పట్టుకుని వరండాలో కూర్చుంది. ఇరవై ఏళ్లు కొండల్లో చింతపండు, కుంకుళ్లు ఏరి అమ్మి కొనుక్కున్న అరెకరం అది. ఆ పొలం అమ్మిన దేవుళ్లు అనే రైతు వచ్చి వేలిముద్ర వేస్తేగాని ఆమెది కాదు. అతనేమో తెల్లారితే రంగూన్ ఓడకు పోతున్నాడు.

“కోటవురట్లలో బండి కట్టీసినాడు బాబూ, బేగి వచ్చేత్తాడు. ఓడెక్కి రంగం ఎలిపోతే మరి దొరకడు.”

“ఐదు దాటితే నేనూ దొరకను,” అన్నాడు నారాయణమూర్తి.

ఐదుకి ఐదు నిమిషాలుందనగా మాష్టారు వచ్చాడు. వరండాలో రాజులమ్మతో రెండు మాటలు మాట్లాడి లోపలికొచ్చి, తిన్నగా ఇనప్పెట్టె మీద కూర్చున్నాడు.

“‘సపోర్ట్’ గురించి మీకు చెప్పానా?”

“పదకొండుసార్లు.”

“పూర్తిగా చెప్పలేదు. ‘పోర్టారే’ అంటే మొయ్యడం. ‘సబ్’ కింద. పూర్వం రోములో ఒక సిపాయి…”

ఐదు కొట్టింది. “లేవండి మాష్టారూ!”

“లేస్తాను. ఆ సిపాయి రాజుగారి పల్లకీ కిందికి దూరి…”

పుస్తకం చేతిలో పట్టుకుని నారాయణమూర్తి నిలబడే ఉన్నాడు. ఐదున్నరకు సిపాయి వంతెన దాటుతున్నాడు. అప్పుడు బయట బండి ఆగింది. దేవుళ్లు చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చాడు. పుస్తకం ఇంకా పెట్టెలో పడలేదు గనుక, నిష్ఠకు భంగం లేకుండా వేలిముద్ర పడింది. రాజులమ్మ ఇద్దరికీ దండం పెట్టి కళ్లు తుడుచుకుంది.

మాష్టారు లేచి గొడుగు అందుకున్నాడు.

నారాయణమూర్తి నివ్వెరపోయాడు. ఎనిమిదేళ్లలో ఈ మనిషి ఒక్క పాఠమూ సగంలో వదల్లేదు. “కూర్చోండి మాష్టారూ. ఆ సిపాయి ఏమయ్యాడు?”

మాష్టారు గుమ్మంలో సిగ్గుపడ్డాడు.

“ఏమోనండీ. వాడెవడో నాకూ తెలీదు.”