ఆండాలత్త మొరంలో వేసిన గింజలు

మా మేనమామ బుచ్చయ్యకు కూర్చున్నచోట కూర్చోవడం చేతకాదు. కిషన్‌బాగ్‌లో బర్రెల కొట్టం ఉన్న ఇంట్లో పుట్టాడు. ఒక సర్కారు ఆఫీసు తోటలో తొమ్మిదేళ్లుగా టెంపరరీ మాలీ. పర్మినెంట్ ఎప్పుడవుతుందన్న ఫికరుతో అన్నం ముందు కూడా రెండుసార్లు లేచేవాడు.

డెబ్బై నాలుగులో, దసరా వెళ్లగానే, ఆఫీసరు వెంకటనారాయణ గారు ఆయన చేతిలో పది గింజలు పెట్టారు. లూపిన్ అనే అడవిపువ్వు గింజలు. "ఫిబ్రవరి ఆఖర్న జరిగే పూల ప్రదర్శనకు ఇది పూస్తే నీ పేరు పర్మినెంట్‌కు రాస్తాను" అన్నారు. ఎలా పెంచాలో కూడా చెప్పారు. గింజ పెచ్చు గట్టిది కాబట్టి రాతిమీద కాస్త రుద్ది రాత్రంతా నానబెట్టాలి. నీళ్లు నిలవని బీదనేలలో వేయాలి. ఎరువు వద్దు. మొలిచిన చోటు నుంచి కదపొద్దు, తల్లివేరు తెగితే బతకదు.

మామ అన్నిటికీ తల ఊపాడు. కానీ ఇంటి వెనక పేడకుప్ప పెట్టుకుని ఉత్త మట్టిలో విత్తనం పెట్టడానికి ఆయనకు చేతులు రాలేదు. ఐదు గింజలు పేడమట్టిలో పెట్టి పూటపూటా నీళ్లు పోశాడు. కుళ్లిపోయాయి. తర్వాత పెట్టిన మూడు మొలిచాయి. వాటిని బంతినారులా పీకి ఎండలో నాటాడు. ఎండ ఎక్కువైందేమోనని మళ్లీ పీకాడు. అవీ పోయాయి. నాకైతే ఒళ్లు మండిపోయింది.

మిగిలిన రెండు గింజలూ ఆయన భార్య ఆండాలత్త కొంగున ముడేసుకుంది.

"నీ చేతులకు దురద. ఇగ వీటి దిక్కు రాకు."

గడప రాతిమీద రుద్ది, నానబెట్టి, కొట్టం కోసం తోలించిన గులకల ఎర్రమట్టిలో, ఆ మొరంలో వేసింది. బర్రెలు తింటే విషమని సార్ చెప్పారట, చుట్టూ ముళ్లకంప కట్టింది. ఒకటే మొలిచింది. ఆకులు విప్పిన అరచేతిలా ఉండేవి.

ఆ మూడు నెలలూ మామ పాట్లు చెప్పతరం కాదు. పొద్దున లేస్తే దాని ముందే. చేయి చాస్తాడు, లాక్కుంటాడు.

"ఏమే, ఆకు వాడినట్టు లేదా?"

"లేదు."

"జర పిడికెడు పేడ ఏద్దామా?"

"నిన్నే పాతిపెడ్త గా మొరంల!"

ప్రదర్శన రోజుకు నీలంగా, కంకిలా పూసింది. మామ కుండీ తెచ్చాడు, గునపం తెచ్చాడు. తవ్వితే చస్తుంది. తవ్వకపోతే పర్మినెంట్ పోతుంది. చాలాసేపు అలాగే నిలబడి, చివరికి గునపాన్ని గోడకు ఆనించి, వట్టి చేతులతో సైకిలెక్కి ప్రదర్శనకు వెళ్లాడు.

"పూసింది సార్. తేలే. మీరే రావాలె."

అక్కడున్నవాళ్లు నవ్వారట. సార్ నవ్వలేదు. సాయంత్రం కిషన్‌బాగ్ వచ్చి, మొరంలో గొంతుక్కూర్చుని ఆ పువ్వును తనివితీరా చూశారు.

"ఒక్కటైనా నిలబెట్టావు బుచ్చయ్యా. నీ పేరు రాస్తాను."

మామ అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. అత్త కళ్లతో సైగ చేస్తూనే ఉంది.

"నేను గాదు సార్. ఎనిమిది నేనే సంపిన. ఇది మా ఆండాలు పెట్టింది."

వెంకటనారాయణ గారు అత్త వైపు తిరిగారు.

ఆ ఎండాకాలం తోటలో మాలీగా చేరింది ఆండాలత్త. పర్మినెంట్ అయిందీ ఆమే. ఉన్న ఒక్క పోస్టూ ఆమెకే రావడంతో మామ పని మానేసి పాల క్యాన్లతో సైకిల్ తొక్కుతున్నాడు. రోజూ ఆఫీసు గేటు దగ్గర దిగి లోపలికి తొంగిచూస్తాడు. ఒకసారి అడిగేశాను, బాధగా లేదా మామా అని.

"చేతులు ఆపుకున్న బిడ్డా, నోరే ఆపుకోలేకపోయిన" అన్నాడు.

నేను ఏదో అనబోయేలోపే పెడల్ మీద కాలు వేశాడు.